పేరు రాయని చీటీ

ఇరవై ఆరేళ్ళుగా పిల్లల నోటు పుస్తకాలు దిద్దుతున్నాను. సైన్సు టీచర్ని. పాఠం ఎంత బాగా చెబుతానో నాకు తెలియదు గానీ, చేతిరాత చూసి మనిషిని పట్టేయడంలో మాత్రం మా బళ్ళో నన్ను మించినవాళ్ళు లేరు. అట్ట ఊడిపోయిన పుస్తకమైనా, పేరు రాయని పరీక్ష పేపరైనా, బాత్‌రూమ్ గోడ మీద హెడ్మాస్టర్ గారి బట్టతల గురించి రాసిన రెండు లైన్ల కవిత్వమైనా, నాకు చూపిస్తే అర నిమిషంలో ఎవరి పనో చెప్పేసేదాన్ని. స్టాఫ్ రూములో నన్ను డిటెక్టివ్ మేడం అని ఏడిపించేవాళ్ళు. పైకి విసుక్కునేదాన్ని, లోపల తెగ మురిసిపోయేదాన్ని. పిల్లల ముందు కూడా సందు దొరికినప్పుడల్లా ఆ గొప్ప చెప్పుకునేదాన్ని. జరిగినదంతటికీ మూలం ఆ గొప్పే. అందుకే దాన్ని ముందే ఒప్పేసుకుంటున్నాను.

ఆ ఏడు కంప్యూటర్ మాస్టారు ఉద్యోగం మానేసి వెళ్ళిపోయారు. ఎనిమిదో తరగతికి కొత్తగా వచ్చిన 'ఇంటర్నెట్ జాగ్రత్తలు' పీరియడు ఎవరికి అంటగట్టాలా అని హెడ్మాస్టర్ గారు చూస్తున్నారు. ఎనిమిదికి క్లాస్ టీచర్ని నేనే కాబట్టి నా నెత్తినే పడింది. శుక్రవారం ఆఖరి పీరియడు, పిల్లల ప్రాణమంతా గంట మీద ఉండే సమయం. నా చేతికి ఒక పుస్తకం ఇచ్చారు. అపరిచితులతో మాట్లాడరాదు, వివరాలు వెల్లడించరాదు, ఫోటోలు పంపరాదు అంటూ ప్రతి పేజీలోనూ రాదు, రాదు, రాదు. మొదటి వారం అది చదివి వినిపిస్తే నలభై ఇద్దరిలో ముప్ఫై మంది ఆవలించారు. మిగతా పన్నెండు మంది అప్పటికే నిద్రపోయారు.

పాఠం పండాలంటే పిల్లల మనసులో ఏముందో తెలియాలి కదా అని, రెండో వారం ఒక డబ్బా పట్టుకెళ్ళాను. ల్యాబుకి మైక్రోస్కోపు వచ్చిన అట్టపెట్టె అది. మూతకి బ్లేడుతో సన్నటి చీలిక పెట్టి, చుట్టూ ఎర్ర కాగితం అంటించాను. ఫోన్ల గురించి, ఇంటర్నెట్ గురించి ఎవరికి ఏ అనుమానం ఉన్నా, ఏ భయం ఉన్నా చీటీ రాసి ఇందులో వెయ్యమన్నాను. పేరు రాయక్కర్లేదు. శుక్రవారం శుక్రవారం తెరిచి అందరికీ కలిపి జవాబు చెబుతాను.

"ఎవరు రాశారో నేను వెతకను. మాటిస్తున్నాను," అన్నాను.

వెనక బెంచీ నుంచి ఒకడు, మీకు చేతిరాత చూస్తేనే తెలిసిపోతుంది కదా టీచర్ అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. ఆ క్షణంలో ఎన్ని చెయ్యొచ్చు! ఎడమ చేత్తో రాయండి అనొచ్చు, డబ్బా ఇంకెవరితోనైనా తెరిపించి చదివిస్తాను అనొచ్చు. నేను చేసిందేమిటంటే, ముఖం వెలిగించుకుని, "తెలియకుండా ఎలా ఉంటుందిరా, తెలిసినా తెలియనట్టు ఉంటానులే," అన్నాను.

చీటీలు బాగానే పడ్డాయి. నన్ను ఎవరైనా బ్లాక్ చేస్తే ఎలా తెలుస్తుంది? మా అక్క పాస్‌వర్డ్ కనుక్కోవడం తప్పా? కనుక్కోవడం తప్పైతే ఊహించడం కూడా తప్పేనా? ఆటలో పరిచయమైన అన్నయ్య నిజంగా అన్నయ్యేనా? రోజంతా ఫోను చూసే మా నాన్నకి కూడా ఈ క్లాసు చెబుతారా? జవాబులు చెబుతుంటే ఆవలింతలు ఆగాయి. ఒక్కో చీటీ విప్పగానే ఎవరిదో తెలిసిపోయేది, చదువుతూనే కళ్ళు వాళ్ళ వైపు పోయేవి. పోనివ్వకూడదని తెలుసు, కానీ పోయేవి.

అయిదో శుక్రవారం క్లాసుకి ముందు, మధ్యాహ్నం భోజనాల వేళ, స్టాఫ్ రూములో డబ్బా తెరిచాను. ఆరు చీటీలున్నాయి. నాలుగోది గీతల కాగితం సగానికి చింపి, చాలా చిన్నగా మడత పెట్టింది.

"ఒకసారి పంపిన ఫోటో వెనక్కి తీసుకోవచ్చా? నా వయసు అమ్మాయే అనుకుని పంపాను. ఇప్పుడు ఇంకా పంపమంటున్నారు. పంపకపోతే అమ్మకి చూపిస్తారట. ఏం చెయ్యాలి?"

అన్నం డబ్బా మూత పెట్టేసి, అయిదుసార్లు చదివాను. నిజానికి ఒక్కసారి చదవగానే ఎవరిదో తెలిసింది. ఆ రాత గుర్తుపట్టడానికి నేనే అక్కర్లేదు, మా బళ్ళో గంట కొట్టే అతనికి కూడా తెలుసు. గుండ్రటి అక్షరాలు, గీత మీద కూర్చోబెట్టినట్టు సమానంగా, ఒక్క కొట్టివేత లేకుండా. ఆ పిల్లని అందరం ముత్యం అనే పిలిచేవాళ్ళం. బళ్ళో గోడలకున్న చార్టులు సగం ఆ పిల్ల రాసినవే. క్లాసులో ఎవరి రికార్డు పుస్తకానికి పేరు రాయాలన్నా, ఎవరి అక్కకి పుట్టినరోజు కార్డు రాయాలన్నా ముత్యం దగ్గరికే వెళ్ళేవాళ్ళు. పదమూడేళ్ళు, రెండు జడలు, ఏ గొడవకీ పోని పిల్ల. నాకు ఇష్టమైన పిల్ల. ఇష్టమైన పిల్ల కాబట్టే అంత కంగారుపడ్డాను అని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను.

పక్క కుర్చీలో డ్రాయింగ్ మాస్టారు ఉంటే చీటీ చూపించాను. ఆయన నెమ్మది మనిషి. చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఈ పూట క్లాసులో దీనికి జవాబు చెప్పెయ్యండి మేడం, ఎవరిదైతే వాళ్ళకి చేరుతుంది, తర్వాత వాళ్ళే మీ దగ్గరికి వస్తారు అన్నారు. వెతకనని మాటిచ్చారు కదా అని కూడా గుర్తుచేశారు. నాకు ఒళ్ళు మండింది. ఒక పిల్ల మునిగిపోతుంటే ఒడ్డున కూర్చుని ఈత పాఠం చెప్పమంటారా అన్నాను. ఆయన మళ్ళీ మాట్లాడలేదు. నోరు గలవాళ్ళతో వచ్చే చిక్కే అది, ఎదుటివాళ్ళు ఊరుకోగానే మనం చెప్పిందే రైటని అనుకుంటాం.

ముత్యాన్ని పిలిపించాను. ల్యాబులో, తలుపు దగ్గరగా వేసి, బల్ల మీద చీటీ పెట్టి, ఇది నీదేనా అని మెల్లగానే అడిగాను. ఆ పిల్ల చీటీ వైపే చూసింది.

"నాది కాదు టీచర్."

"రాత నీది కాదా?"

"రాత నాదే."

"మరి?"

బల్ల అంచు గోటితో గీకుతూ నిలబడింది. బుజ్జగించాను, నీ మంచికే అన్నాను, నేను కోప్పడనన్నాను, చివరికి కోప్పడ్డాను. రాత నాదే గానీ చీటీ నాది కాదు అంటే ఎవరైనా నమ్ముతారా? ఇన్నేళ్ళలో తప్పు చేసి దొరికి, అవును నేనే అన్న పిల్లలు ఎంతమంది? మౌనం అంటే ఒప్పుకోవడమే అని తీర్మానించుకున్నాను. ఆ పూట క్లాసులో మిగతా అయిదు చీటీలకీ జవాబు చెప్పాను, ఆ ఒక్కదాన్నీ చేతిసంచీలో పెట్టుకున్నాను. దాని జవాబు ఇంటికే పంపుదామనుకున్నాను మరి.

సాయంత్రం వాళ్ళమ్మకి ఫోన్ చేశాను. ఆవిడ కళ్ళజోళ్ళ దుకాణంలో పని చేస్తుంది. కొట్టొద్దు, తిట్టొద్దు, ముందు ఫోను చూడండి, పోలీసులకి చెప్పాలి అని అన్నీ చెప్పాను. చెప్పాననే గుర్తు. ఆవిడకి వినపడింది మాత్రం ఒక్కటే, మీ అమ్మాయి ఎవరికో ఫోటో పంపింది అని. ఆవిడ వినగలిగిందీ అంతే. తర్వాతి మాటలన్నీ నేను గాలికి చెప్పాను.

ఆ తర్వాత ఆ ఇంట్లో ఏం జరిగిందో నాకు అప్పుడు తెలియదు, తర్వాత ముక్కలు ముక్కలుగా తెలిసింది. తండ్రి బస్సు డ్రైవరు. కూతురంటే ప్రాణం పెట్టే మనిషే, కొట్టలేదు కూడా. ఫోను తీసుకుని అంతా వెతికాడు. ఏమీ దొరకలేదు. దొరక్కపోయేసరికి, ఏమీ లేదని అనుకోలేదు, చెరిపేసిందని అనుకున్నాడు. చెరిపేసినవి తెచ్చే విద్య తెలిసిన మేనమామని పిలిపించాడు. పిన్ని వచ్చింది, అమ్మమ్మ వచ్చింది. హాలులో అందరూ కూర్చుని, ఆ పిల్ల స్నేహితురాళ్ళకి రాసుకున్న మెసేజీలన్నీ రెండేళ్ళవి పైకి చదివారు. మొటిమల గురించి రాసుకున్నవి, ఒక అబ్బాయి నవ్వు బావుంటుందని రాసుకున్నది, అమ్మ మీద కోపం వచ్చినప్పుడు రాసుకున్నవి. చదువుతున్నంతసేపూ ఆ పిల్లని మధ్యలో కూర్చోబెట్టారు. ఫోటో ఏదీ దొరకలేదు. అయినా ఫోను తీసుకుని బీరువాలో పడేశారు, తొమ్మిది రోజులు బడికి పంపలేదు.

ఆ తొమ్మిది రోజులూ నేను హాయిగా నిద్రపోయాను. ఒక పిల్లని కాపాడానని.

ముత్యం తిరిగి వచ్చింది. పలకరిస్తే తల ఊపేది, చెయ్యి ఎత్తడం మానేసింది. పదిహేను రోజులకి సైన్సు నోటు పుస్తకాలు దిద్దుతుంటే మధ్యలో ఒక పుస్తకం వచ్చింది. పుల్లలు విరిచి పేర్చినట్టు కోణాలు కోణాలుగా ఉన్నాయి అక్షరాలు, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. కొత్తగా చేరినవాళ్ళెవరా అని అట్ట తిప్పి చూస్తే ముత్యం పేరు. అలిగిందనుకున్నాను. అట్ట మీద పేరు చూడకుండా ఎవరిదో చెప్పలేకపోయిన పుస్తకం నాకు అదే మొదటిది, అయినా అందులో ఆ పిల్ల నాకు ఏం చెబుతోందో ఆలోచించలేదు. చేతిరాతకి ఉండే అయిదు మార్కుల్లో ఒకటి వేసి, 'రాత మీద శ్రద్ధ పెట్టు' అని ఎర్ర సిరాతో రాశాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా చెయ్యి నేనే విరుచుకోవాలనిపిస్తుంది.

డబ్బాలో చీటీలు పడటం ఆగిపోయింది. మొదట రెండు, తర్వాత ఒకటి, తర్వాత ఏమీ లేదు. అనుమానాలన్నీ తీరిపోయాయి, పిల్లలు జాగ్రత్త నేర్చుకున్నారు అని హెడ్మాస్టర్ గారికి రిపోర్టు రాసిచ్చాను. బావుంది, పై ఏడు తొమ్మిదికి కూడా మీరే చెప్పండి అన్నారాయన.

ముత్యం పక్కన, కిటికీ వైపు, ఒక చిన్న పిల్ల కూర్చునేది. మనిషి పీలగా, గొంతు సన్నగా ఉంటుందని పిల్లలు పిట్ట అని పేరు పెట్టారు. పాటలు బాగా పాడుతుంది. తల్లి ఆసుపత్రిలో కిడ్నీ వార్డు నర్సు, ఇంట్లో తల్లీ కూతురూ ఇద్దరే. ఆ ఏడు పిట్ట చదువులో వెనకబడింది. క్లాసులో కూర్చునే నిద్రపోయేది. ఫోను ఎక్కువైందా అని రెండుసార్లు నిలబెట్టాను కూడా. నిలబడి నేల చూసేది. పక్కన ముత్యం కూడా నేలే చూసేది. నలభై ఇద్దరి రాతలు చదవగలిగినదాన్ని, ఎదురుగా ఉన్న రెండు ముఖాలు చదవలేకపోయాను.

చీటీ పడిన పదిహేడు వారాలకి, ఒక సోమవారం, పిట్ట బడికి రాలేదు. మూడో పీరియడులో వాళ్ళమ్మ ఫోన్ చేసింది, బస్ స్టేషన్ నుంచి. పార్సిల్ కౌంటరులో పనిచేసే ఒకావిడ, యూనిఫాం వేసుకున్న పిల్ల పొద్దున ఏడింటి నుంచి ఒకే బెంచీ మీద సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంటే, దగ్గరికి వెళ్ళి నీళ్ళిచ్చి, ఇంటి నంబరు అడిగిందట. వేరే ఊరికి టికెట్టు ఉంది పిట్ట చేతిలో. పది గంటల బస్సు. రమ్మన్నవాడు అక్కడ దిగగానే ఉంటానన్నాడట. మొదటి రెండు బస్సులూ ఎక్కలేక వదిలేసింది, మూడోది కూడా ఎక్కకపోతే అమ్మ పనిచేసే వార్డుకే ఫోటోలన్నీ పంపుతానన్నాడు.

పోలీసు స్టేషనులో సైబర్ కేసులు చూసే ఇన్‌స్పెక్టర్ ఒకావిడ ఉంది. క్లాస్ టీచర్ని కాబట్టి నన్నూ రమ్మన్నారు. చిన్న గది, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, తిరగని ఫ్యాను. పిట్ట తల్లి పక్కన ఆనుకుని కూర్చుంది. తల్లి ఒంటి మీద ఇంకా నర్సు బట్టలే ఉన్నాయి, కూతురి చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని ఉంది. ఒక్క మాట కోప్పడలేదు ఆ తల్లి. నాకు చెప్పి ఉంటే బావుండేదమ్మా, అని మాత్రం ఒకసారి అంది, అదీ తనలో తను అనుకుంటున్నట్టు.

పాటలు పాడి పెట్టుకునే ఒక యాప్‌లో వాడితో పరిచయమట. పదమూడేళ్ళ అమ్మాయినని చెప్పాడు, నీ గొంతు బావుందన్నాడు, రెండు నెలలు స్నేహం చేశాడు. తర్వాత ఒక ఫోటో అడిగాడు. ఇన్‌స్పెక్టర్ అన్నీ నెమ్మదిగా, తేదీలు రాసుకుంటూ అడిగింది. తప్పు నీది కాదు అని మూడుసార్లు చెప్పింది. చివరికి, ఇన్నాళ్ళూ ఎవరికీ ఎందుకు చెప్పలేదమ్మా అంది.

"చెప్పాను మేడం," అంది పిట్ట. "బళ్ళో డబ్బాలో చీటీ వేశాను."

పిట్ట నన్ను చూడకుండా చెప్పింది. నేను రాస్తే టీచర్ రాత పట్టేస్తారని ముత్యంతో రాయించాను. తను ఎప్పుడూ మంచి పిల్లే కదా, తన మీద ఎవరికీ అనుమానం రాదనుకున్నాం. ఎవరికీ చెప్పనని ఒట్టు పెట్టించుకున్నాను. తర్వాత తనకి ఇంట్లో అలా జరిగింది. నేనే అని చెప్పేస్తానన్నాను, తనే వద్దంది.

"ఏమీ లేకపోతేనే నాకింత అయింది, నీకైతే ఏం చేస్తారో, చెప్పకు అంది."

ఆ గదిలో ఎవరూ నా వైపు చూడలేదు. చూసి ఉంటే కొంచెం తేలికగా ఉండేది. బయటికి వచ్చాక ఇన్‌స్పెక్టర్ వరండాలో నిలబడి టీ తాగుతోంది. ఆ చీటీ ఏ తేదీన పడిందో గుర్తుందా అని అడిగింది. తేదీ చెప్పాను. చీటీ నా చేతిసంచీలోనే ఉంది, తీసి ఇచ్చాను. ఆవిడ తన కాగితాలతో సరిచూసుకుంది. చీటీ వేసిన రోజుకి ఆ పిల్ల పంపింది ఒక్క ఫోటో. సోమవారం నాటికి అరవై మూడు. ఆవిడ లెక్క చెప్పి, గ్లాసు కిటికీ మీద పెట్టి, లోపలికి వెళ్ళిపోయింది.

ఆ మనిషిని మూడు వారాల తర్వాత పట్టుకున్నారు. అతని దగ్గర ఇంకో ఏడుగురు పిల్లల ఫోటోలు దొరికాయని విన్నాను. పిట్ట ఇంక మా బడికి రాలేదు. తల్లి ఆసుపత్రి వాళ్ళని అడిగి ఉద్యోగం వేరే ఊరికి మార్పించుకుంది. వెళ్ళేముందు సర్టిఫికెట్ల కోసం బడికి వచ్చినప్పుడు, పాట పాడుతోందా అని అడగబోయి ఊరుకున్నాను. ఆవిడే చెప్పింది, మాట్లాడుతోంది మేడం, ఇప్పటికి అంతే చాలు అని.

నేను మాత్రం ఆ సోమవారమే, స్టేషను నుంచి తిన్నగా ముత్యం వాళ్ళింటికి వెళ్ళాను. తండ్రి తలుపు తీశాడు, డ్యూటీ బట్టల్లో ఉన్నాడు. జరిగింది చెప్పాను. తప్పు నాది, మీ అమ్మాయి అబద్ధం చెప్పలేదు అన్నాను. ఆయన గుమ్మంలోనే గోడకి చేరగిలబడ్డాడు. బస్సు నడిపే అంత పెద్ద చేతులు రెండూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. కాదు నాన్నా అని అది నాలుగు రోజులు ఏడ్చింది మేడం, నేను నమ్మలేదు, అన్నాడు. లోపల తల్లి ఏడుపు వినపడింది.

ముత్యం వంటగది గట్టు దగ్గర నిలబడి ఉంది. నన్ను క్షమించమ్మా అన్నాను. పిల్లలకి క్షమాపణ చెప్పడం నాకు అలవాటు లేదు. ఆ పిల్ల నా మాట వినిపించుకున్నట్టే లేదు. పిట్ట దొరికిందా, బావుందా, బస్సు ఎక్కలేదు కదా అని వరసగా అడిగింది. బావుందన్నాక అప్పుడు వెక్కి వెక్కి ఏడ్చింది.

"చెప్పకు అని నేనే అన్నాను టీచర్. నా వల్లే కదా."

నీ వల్ల కాదు, నా వల్ల, అన్నాను. ఎన్నిసార్లు అన్నానో నాకే తెలియదు. ఆ పిల్ల నమ్మినట్టు కనపడలేదు. నమ్మించే హక్కు నేను పోగొట్టుకున్నాను. ఏడుపు తగ్గాక, ఆ రోజు ల్యాబులో నా దగ్గరైనా ఒక్క మాట అని ఉంటే బావుండేది కదమ్మా అన్నాను. అడగాల్సిన ప్రశ్న కాదు. నోరు ఊరుకోదు కదా.

"ఎవరికీ చెప్పనని మాటిచ్చాను టీచర్," అంది. కళ్ళు తుడుచుకుని, ఏ కోపమూ లేకుండా, "మీరూ ఇచ్చారు కదా. వెతకనని," అంది.

ఆ ఇంట్లోంచి ఎలా బయటపడ్డానో గుర్తు లేదు.

ఆ వారం శుక్రవారం ఆఖరి పీరియడుకి వెళ్ళాను. సెలవు పెట్టమని హెడ్మాస్టర్ గారు అన్నారు, పెట్టలేదు. కిటికీ పక్క చోటు ఖాళీగా ఉంది. పిల్లలకి అప్పటికే అంతా తెలుసు, పిల్లలకి తెలియనిదేముంది. అయినా చెప్పాను. ఎవరి పేరూ ఎత్తకుండా, ఒక చీటీకి నేను చెప్పాల్సిన జవాబు చెప్పలేదని, ఇచ్చిన మాట తప్పానని, దానివల్ల ఇద్దరికి చెడు జరిగిందని. తర్వాత చీటీలో ఉన్న ప్రశ్న చదవకుండానే జవాబు చెప్పాను.

పంపిన ఫోటో వెనక్కి రాదు, కానీ అక్కడితో ఆపొచ్చు. బెదిరించినవాడికి ఇంకొకటి పంపితే ఊరుకోడు, ఇంకా అడుగుతాడు. కాబట్టి ఏమీ పంపొద్దు, జవాబు కూడా ఇవ్వొద్దు. భయపడి మెసేజీలు చెరిపేయొద్దు, వాడిని పట్టుకోవడానికి అవే ఆధారం. వాటి ఫోటోలు తీసి ఉంచుకుని, వాడిని బ్లాక్ చెయ్యండి, ఆ యాప్‌కి ఫిర్యాదు చెయ్యండి. ఫోటోలు బయట పడకుండా ఆపే పద్ధతులు పోలీసుల దగ్గర ఉన్నాయి. మోసపోవడం మీ తప్పు కాదు, మోసం చేసినవాడిదే తప్పు. మీరు ఏం పంపినా సరే, అది మీ తప్పు కాదు. ఒంటరిగా మాత్రం మొయ్యొద్దు. మీరు నమ్మే పెద్దవాళ్ళు ఎవరికైనా ఆ రోజే చెప్పండి.

గడియారం చూశాను. మూడు నిమిషాలు పట్టింది. పదిహేడు వారాల కిందట, ఇదే గదిలో, ఇంతే సమయం పట్టేది.

అంతలో ముత్యం చెయ్యి ఎత్తింది. పదిహేడు వారాలుగా ఎత్తని చెయ్యి. లేచి నిలబడింది. నన్ను దెప్పడానికి కాదు, ఆ ముఖం చూస్తే తెలుస్తుంది. నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

"నమ్మే పెద్దవాళ్ళు అంటే ఎవరు టీచర్?"

నలభై ఒక్క ముఖాలూ నా వైపు తిరిగాయి. నాకు చెప్పండి అనే మాట గొంతు దాకా వచ్చింది. అనలేకపోయాను. సుద్దముక్క తీసుకుని వెనక్కి తిరిగి, పిల్లల కోసం ఉన్న హెల్ప్‌లైన్ నంబరు బోర్డు మీద పెద్దగా రాశాను. అంకెలు వంకరగా వచ్చాయి. ఒక్కొక్కరే పుస్తకాలు తెరిచి దాన్ని రాసుకోవడం మొదలుపెట్టారు.